చమురు షేరూ – సర్కారు సంతకమూ

(మన సంఘం కొండాపూర్ శాఖ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, హెల్తు కార్డుల గురించి మాట్లాడుకోవలసిన సభలో చమురు కంపెనీల షేర్లేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శి గారు ఈ విషయం మీదే మాట్లాడమనడానికి కారణం ఉన్నది. ఇక్కడ బొటానికల్ గార్డెనులో ఉదయం నడకకు వచ్చే మనవాళ్ళలో చాలామందికి పదో ఇరవయ్యో ఓ.ఎన్.జి.సి. షేర్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పుల తర్వాత ఎక్కువగా సాగే చర్చ వాటి గురించే. మొన్న ఆ చర్చ నైజీరియా దాకా పోయింది. ఒక మిత్రుని అల్లుడు లేగోస్ దగ్గర రిఫైనరీ కట్టుబడిలో పనిచేసి వచ్చాడట. అక్కడ పెట్రోలియం వ్యవహారాలకు కొత్త చట్టం తెచ్చారనీ, అటువంటిది మనకూ వస్తే మన షేర్లకు తిరుగుండదనీ ఆయన వాదన. మన మాజీ హెడ్మాస్టరు గారు ఊరుకుంటారా? "చట్టం వస్తే షేరు పెరుగుతుందా అండీ, ఏ సెక్షను కింద?" అని అడిగారు. ఆ ప్రశ్నకే ఈ రోజు నాకు తోచినంతలో జవాబు చెబుతాను.

నేను అర్థశాస్త్రం చదివినవాణ్ణి కాను. సర్వీసులో కొంతకాలం సివిల్ సప్లైస్ సెక్షనులో కిరోసిన్ సీటు చూశాను. రేషను షాపుకు వెళ్ళే నీలం కిరోసిన్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బజారులో అన్ని ధరలూ పెరుగుతుండేవి, దాని ధర మాత్రం ఏళ్ళ తరబడి కదిలేది కాదు. ఆ తేడా ఎవరు భరిస్తున్నారని సెక్షనులో ఎవరమూ అడగలేదు. అడగడం మా డ్యూటీ కూడా కాదు. పైన ఢిల్లీలో ఆయిల్ పూల్ అకౌంటని ఒకటి ఉండేది, అందులో సర్దుబాటు చేసేవారు. 2002 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి ఎత్తివేశామన్నారు. ఎత్తివేసింది కాగితం మీదే. 2003-04 నుంచి ఆ తేడాలో పెద్ద భాగాన్ని ఓ.ఎన్.జి.సి. మీద వేశారు. కిరోసిన్, వంటగ్యాసు, డీజిలు తక్కువకు అమ్మి నష్టపోయే కంపెనీలకు ఓ.ఎన్.జి.సి. తన ముడిచమురు డిస్కౌంటు మీద ఇవ్వాలన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2004 మార్చిలో, ప్రభుత్వం ఓ.ఎన్.జి.సి.లో తన వాటా నుంచి పది శాతం ప్రజలకు అమ్మింది. ధర 750 రూపాయలు. మనలాంటి చిన్న మదుపరులకు 5 శాతం తగ్గించి 712 రూపాయల 50 పైసలకు ఇచ్చారు. ప్రభుత్వానికి పది వేల కోట్లకు పైగా వచ్చింది. అప్పుడు ఇరవై షేర్లు దక్కినవారి లెక్క చూద్దాము. పెట్టుబడి 14,250 రూపాయలు. 2006లో రెండింటికి ఒకటి బోనసు ఇచ్చారు, ముప్ఫై అయ్యాయి. 2011లో పది రూపాయల షేరును అయిదేసి రూపాయలుగా విడగొట్టి, పైన ఒకటికి ఒకటి బోనసు ఇచ్చారు, నూట ఇరవై అయ్యాయి. 2016లో మళ్ళీ రెండింటికి ఒకటి, నూట ఎనభై. అంటే నేటి షేరు ఒక్కొక్కటీ వారికి సుమారు 79 రూపాయలకు పడినట్లు.

అదే షేరు 2020 మార్చిలో 70 రూపాయల కంటే దిగువకు జారింది! డివిడెండ్లు పక్కన పెడితే పదహారేళ్ళకు అసలు కూడా నిలబడలేదు. కరోనా వచ్చి చమురు ధర పడిపోయిందనేది నిజమే. కానీ దానికి ముందు, ప్రపంచంలో చమురు పీపా నూరు డాలర్లు పలికిన సంవత్సరాల్లోనైనా ఈ కంపెనీ చేతికి రావలసినంత వచ్చిందా? రాలేదు. 2013-14 ఒక్క సంవత్సరంలోనే ఓ.ఎన్.జి.సి. మీద పడిన సబ్సిడీ భారం 56 వేల కోట్లకు పైచిలుకు.

ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడుకోవాలి. ఆ ఏళ్ళలో మన ఇంటికి సిలిండరు చౌకగానే వచ్చింది. వంటింట్లో మిగిలింది డీమ్యాట్ ఖాతాలో పోయింది. షేర్లు లేని కోట్లమందికి మిగలడమే తప్ప పోయింది లేదు. రేషను కార్డు పట్టుకుని క్యూలో నిలబడిన వాళ్ళను చూసిన మనిషిగా, ఆ సబ్సిడీ తప్పని నేను అనలేను. నా ఫిర్యాదల్లా, 750 పెట్టి కొనమన్నప్పుడు ఈ భారం ఏటా ఎంత పడుతుందో చెప్పగల సూత్రం ఏదీ లేకపోవడం గురించి. సంవత్సరం చివర ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చేదాకా కంపెనీకే తన లాభం తెలిసేది కాదు.

2010 జూన్‌లో పెట్రోలు ధర వదిలేశారు. డీజిలును 2013 జనవరి నుంచి నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ పోయి, 2014 అక్టోబరులో వదిలేశారు. హమ్మయ్య అనుకున్నాము. 2022లో యుద్ధం వల్ల చమురు ధర పెరగగానే, జూలై 1 నుంచి ముడిచమురు మీద టన్నుకు 23,250 రూపాయల ప్రత్యేక పన్ను వేశారు. పదిహేను రోజులకొకసారి దాన్ని మార్చుతూ వచ్చి, 2024 డిసెంబరులో తీసివేశారు. ధర తగ్గితే నష్టం వాటాదారుది, పెరిగితే లాభం ఖజానాది. పన్ను వేయవద్దని కాదు, పక్షానికొకసారి మారే పన్నును నమ్ముకుని ఏ పెన్షనరు లెక్క వేసుకోగలడు?

విశాఖ రిఫైనరీ మనకు తెలిసినదే. కాల్టెక్స్ వారిది, 1976లో జాతీయమైంది, 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. 2018 జనవరిలో ఆ కంపెనీలో ప్రభుత్వ వాటా 51.11 శాతాన్ని షేరు 473 రూపాయల 97 పైసల లెక్కన 36,915 కోట్లకు ఓ.ఎన్.జి.సి. చేత కొనిపించారు. దానికి ఓ.ఎన్.జి.సి. అప్పు చేయవలసి వచ్చింది. ఆ సొమ్ము డిజిన్వెస్టుమెంటు పద్దు కింద ఖజానాకు జమ అయింది. హిందుస్తాన్ పెట్రోలియం షేర్లున్న చిన్నవారికి ఆ ధరకు అమ్ముకునే ఓపెన్ ఆఫరు రాలేదు. యజమాని ప్రభుత్వమే కనుక సెబీ మినహాయింపు ఇచ్చింది. రూలు ప్రకారమే జరిగింది. అయినా తండ్రి తన ఇంటిని కొడుకు చేత అప్పు చేయించి కొనిపించినట్లున్నదని మా పక్క ఫ్లాటు ఆడిటరు గారు అన్నమాట నాకు బాగా నచ్చింది.

ఇక నైజీరియా. అక్కడ ఒలోయిబిరి అనే ఊళ్ళో 1956లో చమురు పడింది. మన ఆయిల్ కమిషను ఏర్పడినదీ, ఆంధ్రప్రదేశ్ అవతరించినదీ ఆ ఏడాదే. అక్కడా ప్రభుత్వ కంపెనీయే వ్యాపారి, ప్రభుత్వమే నియంత, పన్ను వసూలుదారూ ప్రభుత్వమే. ఈ మూడు కుర్చీలనూ విడదీయాలని 2008లో బిల్లు పెట్టారు. పార్లమెంటులు మారాయి, బిల్లు మారింది, చివరకు 2021 ఆగస్టు 16న అధ్యక్షుడు బుహారి సంతకం చేశారు. పదమూడేళ్ళు! మన సర్వీసు రూల్సు సవరణలే నయం. చట్టం ప్రకారం చమురు తవ్వకానికి ఒక నియంత్రణ సంస్థ, రవాణాకూ అమ్మకానికీ మరొకటి ఏర్పడ్డాయి. ప్రభుత్వ కార్పొరేషను 2022 జూలైలో లిమిటెడ్ కంపెనీ అయింది. షేర్లు మాత్రం ప్రభుత్వ శాఖల పేరనే ఉంచారు.

కుర్చీలు విడదీశారు సరే, కూర్చున్నవాళ్ళు లేచారా? సెప్లాట్ అనే కంపెనీ ఉన్నది. లేగోసులోనూ లండనులోనూ దాని షేర్లు నడుస్తాయి, అక్కడి చిన్న మదుపరులూ కొన్నారు. అది 2022 ఫిబ్రవరిలో అమెరికా వారి ఎక్సాన్ మొబిల్ దగ్గర సముద్రతీర చమురు క్షేత్రాలు కొనడానికి ఒప్పందం చేసుకున్నది. ఆగస్టు 8న అధ్యక్షుడు అనుమతి ఇచ్చినట్లు ప్రకటన వచ్చింది. పెట్రోలియం మంత్రి కూడా ఆయనే. కొత్త నియంత్రణ సంస్థ మేము ఒప్పుకోలేదన్నది. రెండు రోజుల్లో అధ్యక్షుడి కార్యాలయం మాట మార్చుకున్నది. ఒకే ఫైలు మీద రెండు ఆర్డర్లు! ఆ కొనుగోలు పూర్తయ్యేసరికి 2024 డిసెంబరు వచ్చింది.

పెట్రోలు సబ్సిడీ సంగతీ చూడండి. 2023 మే 29న కొత్త అధ్యక్షుడు టినుబు ప్రమాణ స్వీకారం రోజునే అది ముగిసిందన్నారు. రెండు వందల నైరాల లోపున్న లీటరు కొద్ది రోజుల్లో అయిదు వందల దరిదాపులకు పోయింది. మనం నెలకు అర్ధ రూపాయి చొప్పున మింగిన మందును వాళ్ళ చేత ఒక్క గుక్కలో తాగించారు. అక్కడి పెన్షనర్లను తలుచుకుంటే నాకు మన పద్ధతే మేలనిపించింది.

ఆ చట్టంలో నాకు నచ్చిన అంశం వేరే ఉన్నది. కంపెనీ ఏటా తన నిర్వహణ ఖర్చులో 3 శాతం చమురు తీసే ఊళ్ళ ట్రస్టుకు జమ చేయాలి. ఆ ఊళ్ళవారు 10 అడిగారు, కింది సభ 5 అన్నది, చివరకు 3 అయింది. మన కోనసీమవారు ఈ సభలో ఉన్నారు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి, సముద్రంలోని వాటిది కేంద్రానికి పోతుంది. బావి పక్క ఊరికి ఇంత అని చట్టం హక్కుగా ఇచ్చినది లేదు, కంపెనీల సామాజిక బాధ్యత నిధి నుంచి వచ్చినంత వస్తుంది. 2024 జనవరిలో కాకినాడ తీరాన లోతు సముద్రం నుంచి కూడా ఓ.ఎన్.జి.సి. చమురు తీయడం మొదలుపెట్టింది. ఇటువంటి సెక్షను మన దగ్గర వస్తే మన డివిడెండు కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.

కనుక హెడ్మాస్టరు గారికి నా జవాబు: ఏ సెక్షను కిందా పెరగదండీ. కొత్త చట్టం రాగానే కొనవద్దు. ఆ చట్టాన్ని ప్రభుత్వం తన మీద తాను ఒకసారి అమలు చేసుకునేదాకా చూడాలి. ఉన్నవి అమ్మమని నేననను. 2023-24 సంవత్సరానికి ఓ.ఎన్.జి.సి. షేరుకు 12 రూపాయల 25 పైసలు డివిడెండు ఇచ్చింది. మన నూట ఎనభై షేర్లవారికి 2,205 రూపాయలు. 2020 నుంచి దాని మీద పన్ను మన చేతిలోనే పడుతున్నదని మరువకండి. గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము మాత్రం ఇందులో పెట్టవద్దు. మందుల ఖర్చు నెలనెలా వస్తుంది, ఢిల్లీ నిర్ణయాలకు క్యాలెండరు లేదు.

చివరగా సోదరీమణులకు ఒక మనవి. ఏడేళ్ళపాటు వరుసగా డివిడెండు తీసుకోకపోతే ఆ సొమ్మే కాదు, షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి బదిలీ అవుతాయి. తిరిగి తెచ్చుకోవచ్చు గానీ కాగితాలు చాలా కావాలి. మీ వారి పేరున పాత కాగితం సర్టిఫికెట్లు, చిరునామా మారినందువల్ల అందని వారంట్లు ఉంటే బీరువాలో వెతికి, మరణ ధృవీకరణ పత్రం జిరాక్సుతో సహా పట్టుకురండి. అర్జీ నేను రాసిపెడతాను, ఆ పని నాకు చేతనవును.