వేడినీటి బుగ్గ, చేతి రొట్టె
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ వేదికపై సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను భోజనమును గూర్చి మాటలాడ సంకల్పించితిని. అన్నమును పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకొను జాతి మనది గనుక, ఈ విషయము సాంస్కృతిక సంఘమునకు తగనిదని యెవ్వరును అనరని నా నమ్మకము. ఐతే వంటల పట్టిక చదువుట నా యుద్దేశము కాదు. భూమినుండి వేడినీరు పొంగు చోట స్నానమాడి, చేతితో చేసిన ఆహారమును భుజించుట యను ఒక్క ఆచారమును మాత్రము తీసికొందును. అది జపాను దేశమున ఎట్లున్నదో, మన సూరతునకు చేరువలో ఎట్లున్నదో, అందు మనము నేర్వదగిన దేమి యున్నదో మీకు విన్నవింతును.

జపాను అగ్నిపర్వతముల దేశము. అక్కడ వేడినీటి బుగ్గలు పాతిక వేలకు పైగా కలవు. వానిని ‘ఓన్‌సెన్’ అందురు. 1948వ సంవత్సరపు చట్టము ననుసరించి, భూమినుండి వెలువడు నీరు 25 డిగ్రీల సెంటిగ్రేడుకు తక్కువ కాకుండ నుండవలెను. లేదా నిర్ణయించిన ఖనిజ లవణములలో ఒక్కటైనను తగినంత కలిగి యుండవలెను. అప్పుడే ఆ నీటికి ఆ పేరు చెల్లును. నగానో మండలములో నొజావా అను కొండయూరు కలదు. ఆ యూరిలో ఉమ్మడి స్నానశాలలు 13. ఊరివారే కూటములుగ నేర్పడి, వంతులు వేసికొని, వానిని కడిగి కాపాడుకొనుచున్నారు. సలసల కాగు ఒక బుగ్గలో వారు కూరగాయలు, గ్రుడ్లు ఉడకబెట్టుకొందురు. స్నానశాలలో ముందుగ ఒడలు శుభ్రముగ కడుగుకొని, పిమ్మటనే అందరి నీటిలో దిగవలెను. నీరు అందరిదైనప్పుడు మర్యాద ఎట్టిదో ఈ ఒక్క నియమమే చెప్పుచున్నది.

స్నానానంతరము ఆకలి యగుట సహజము. ఆ కొండసీమలో అట్టి వేళ దొరకు ప్రసిద్ధాహారము ‘సోబా’. ఉత్తరాదివారు నవరాత్రి ఉపవాసములలో వాడుకొను ‘కుట్టు’ అను గింజయే సోబా. ఆ పిండితో దారములవలె సన్నగ చేసిన వంటకమునకును అదే పేరు. చూచుటకు మన సేమ్యాకు పెద్దన్నగారివలె నుండును. గడ్డిజాతికి చెందని ఈ గింజ, వరి పండని చలి కొండలలో, సారము తక్కువైన నేలలో, రెండున్నర నెలలలోనే పంటకు వచ్చును. కనుక పూర్వము ఇది కొండ రైతునకు కఱవు కాలపు తోడు.

ఈ పిండిలో ఒక చిక్కు కలదు. గోధుమపిండిని తడిపినచో సాగు జిగురు పుట్టును. కుట్టుపిండిలో అట్టి జిగురు లేదు. చేయి తిరుగని వాడు కలిపినచో దారము దారముగ నిలువక తునిగిపోవును. అందువలన కొందరు ఎనిమిది పాళ్ళ కుట్టుపిండికి రెండు పాళ్ళ గోధుమపిండిని చేర్తురు. చేయి తిరిగిన వారు కొందరు గోధుమ చేర్పక, వేడినీటితో కలిపి సాధింతురు. నీటిని ఒక్కమారు పోయరు. కొంచెము కొంచెముగ చిలుకరించుచు, వ్రేళ్ళతో పిండిని త్రిప్పుచు, ప్రతి రేణువునకును తడి అందునట్లు చూతురు. ఈ మొదటి కొలది నిముషములలోనే వంటకము యొక్క భాగ్యము తేలును. తరువాత పిసికి, కఱ్ఱతో పలుచగ ఒత్తి, మడచి, వెడల్పైన కత్తితో సన్నగ తఱుగుదురు. అప్పుడే విసరినది, అప్పుడే చేసినది, అప్పుడే ఉడికినది కావలెనని వారి నియమము. భోజనము ముగియగనే, సోబా ఉడికిన నీటిని వేడివేడిగ తెచ్చి యిత్తురు. మిగిలిన పులుసులో దానిని కలుపుకొని త్రాగుదురు. గంజి విలువ నెఱిగిన మన వారికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

అంత దూరపు సంగతి సూరతులో నేల యని మీ రడుగవచ్చును. హిమాలయములలో, కులూ సీమయందలి మణికరణ్ క్షేత్రమున, ఉడుకు బుగ్గలోనే బియ్యము, పప్పు వండి యాత్రికులకు పెట్టుచున్నారు. అదియును దూరమే యందురా? మన సూరతునుండి ఉదయము బయలుదేరి సాయంకాలమునకు తిరిగి రాదగిన దూరములో, నవ్‌సారీ జిల్లా వాంస్‌దా తాలూకాలో, ఉనాయి క్షేత్రము కలదు. బిలిమోరానుండి డాంగు అడవుల అంచున నున్న వఘాయివరకు గేక్వాడు ప్రభువుల కాలమున వేసిన 63 కిలోమీటర్ల చిన్నపట్టాల రైలుమార్గములో దానికి స్టేషనుకూడ నున్నది. అమ్మవారి ఆలయము నంటి వేడినీటి కుండము. చైత్ర పూర్ణిమకు జాతర. శరభంగ మహర్షి వ్యాధి పోగొట్టుటకై శ్రీరాముడు బాణమువేసి ఈ నీటిని రప్పించెననియు, సీతమ్మ ఇందు స్నానము చేసెననియు, ‘స్నానమాడితిని’ అని ఆమె పలికిన మాటయే ఊరి పేరైనదనియు స్థానికులు చెప్పుదురు. ‘ఉష్ణ’ శబ్దము ప్రాకృతమున ‘ఉణ్హ’ యగును. కొంకణములో వేడి బుగ్గ గల మఱియొక యూరి పేరు ఉన్హవరే. భక్తులకు సీతమ్మ మాట, భాషాప్రియులకు ఈ మాట, రెండును ఇంపైనవే.

ఇక్కడ నేడు మండు అగ్నిపర్వతము లేదు. వాన నీరు నేల పగుళ్ళవెంట చాల లోతునకు దిగి, భూగర్భపు వేడిచే కాగి, మఱియొక పగులు వెంట పైకి వచ్చును. పడమటి తీరము వెంబడి వజ్రేశ్వరి, గణేశపురి మొదలుకొని రత్నగిరి సీమవరకు ఇట్టి బుగ్గలు వరుసగా కలవు. మన గోదావరి లోయలోను ఇది యున్నది. భద్రాచలము చేరువ గుండాలలో నదియొడ్డున ఇసుక త్రవ్వినచో వేడినీరు ఊరును.

ఉనాయి దాటగనే అడవి, కొండలు, వానిపై కుంకణా, వార్లీ మొదలగు ఆదివాసుల పల్లెలు. వారి ముఖ్యాహారములలో నొకటి ‘నాగలీ’. రాయలసీమవారు రాగులనియు, విశాఖ సీమవారు చోళ్ళనియు, తెలంగాణమువారు తైదలనియు పిలుచునది ఇదియే. తూర్పు ఆఫ్రికా మెట్టలనుండి వేలయేండ్ల క్రిందట మన దేశమునకు వచ్చిన అతిథి యిది. సోబా గింజ చైనా నైఋతి కొండలనుండి జపాను చేరినది. రెండును పేద నేల పంటలే. వరి వేయుటకు వీలులేని కొండవాలునందు నాగలీ పండును. ఏండ్ల తరబడి పురుగు పట్టక నిలువ యుండును. నూఱు గ్రాముల రాగులలో సున్నము పాలు 340 మిల్లీగ్రాములకు పైగా నుండగా, బియ్యములో అది పది మిల్లీగ్రాముల ప్రాంతమే.

ఈ పిండికిని జిగురు లేదు. అచ్చట సోబా చేయువానికి వచ్చిన చిక్కే ఇచ్చట రొట్టె చేయు తల్లికిని వచ్చును. ఆమె చూపిన ఉపాయమును అదియే: వేడినీరు, అఱచేయి. కాగిన నీటిలో పిండి కొంచెము ఉడికి, తనలోని బంక విడుచును. ఒక రొట్టెకు సరిపడు పిండినే తీసికొని, అఱచేతి మడమతో మెదిపి, ఉండచేసి, తడిచేతుల నడుమ తట్టుచు త్రిప్పును. కఱ్ఱ లేదు, పీట లేదు. అంచు పగులనీయక, నడుమ పలుచన కానీయక, చంద్రబింబమువలె గుండ్రముగ వచ్చు వఱకు చేతులే కొలత, చేతులే అచ్చు. పిమ్మట మట్టి పెనముపై వేసి, పైకి నీరు తడిమి, త్రిప్పి కాల్చును. దానికి తోడు మినుపపప్పు, వెల్లుల్లి పచ్చిమిరప నూరిన పచ్చడి, వానకాలమైనచో వెదురుకొమ్ముల కూర. మన ఇండ్లలో ఎసరుపోసి జొన్నపిండి కలిపి రొట్టె తట్టిన అమ్మమ్మలను చూచిన వారికి, ఆ చప్పుడు దూరమునుండియే తెలియును.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్య విషయమునకు వత్తును. జపానులో పెక్కు సోబా దుకాణములందు చేయువాని గదికి అద్దము పెట్టి, వచ్చినవారు అతని చేతిపనిని చూచునట్లు ఏర్పాటు చేసినారు. వృత్తి కాని వారికిని ఈ విద్య నేర్పి, పరీక్షించి, శ్రేణులవారిగ పట్టములిచ్చు సంఘము అక్కడ నున్నది. కఱవు తిండి గౌరవ భోజనమైనది. గింజ మారలేదు, నేల మారలేదు. తినువాని చూపు మారినది. మన దేశములో రొట్టె తట్టుట విద్య యని యెవ్వరైన నెంచిరా? దుకాణములలో సోబా చేయువారు హెచ్చుగ పురుషులు. వారి పని నైపుణ్యమనిపించుకొన్నది. ఇక్కడ రొట్టె చేయునది స్త్రీ. ఆమె పని ఇంటి పనిలో నొకటిగ పోయినది. వేడిపిండిలో చేయి పెట్టి, పొగలో కనులు నలుపుకొని, రోజుకు పాతిక రొట్టెలు తట్టిన ఆమెకు జీతమును లేదు, బిరుదును లేదు. ఆమె కుమార్తె ఆ పనిని వలదనుకొన్నచో తప్పెట్లు పట్టగలము?

ఐనను మార్గము లేకపోలేదు. వాంస్‌దా ప్రాంతమున, బైఫ్ సంస్థవారు 1982లో ఆదివాసీ రైతులచే తోటలు వేయించు పని ఆరంభించిరి. ఆ కృషి వెంబడి, ఆదివాసీ స్త్రీల బృందములు ‘నాహరి’ యను పేర భోజనశాలలు తెఱచి, నాగలీ రొట్టెలను తమ ఇంటి కూరలతో బాటసారులకు వడ్డింపసాగినవి. ఇంటిలో లెక్కకు రాని పనికి అక్కడ వెల కట్టబడినది. ఆ వెల చేసిన చేతికే చేరినది. ఐక్యరాజ్య సమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినప్పుడు మనము సభలలో ఎన్నో మాటలు చెప్పుకొంటిమి. గింజను పొగడినంత మాత్రమున చాలదు. ఆ గింజను రొట్టెగ నిలుపు చేతిని గూర్చి తలపవలెను.

సూరతులోని తెలుగువారికి ఈ మాట మఱింత దగ్గఱది. లింబాయతు ప్రాంతమున కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు వేలకొలదిగ నున్నవి. వారి పెద్దలు చేనేత నెఱిగినవారు. ఇక్కడ మరమగ్గముపై బ్రదుకు తెఱవు చూచుకొన్నారు. మరమగ్గము కూడు పెట్టినది, పిల్లలను చదివించినది; దానిని నిందించుట కృతఘ్నత. కాని గుంటమగ్గముపై కాళ్ళకు, చేతులకు తెలిసిన విద్య ఒక్క తరములో ఎట్లు తరలిపోవునో వారికి తెలిసినంతగ మఱెవ్వరికిని తెలియదు. విద్య పోవుట చప్పుడు కాకుండ జరుగును. నేర్చిన చేయి యున్నంతకాలము అది పోవునని తోచదు. ఆ చేయి ఆగిన నాడు అడిగి తెలిసికొనుటకు ఎవ్వరు నుండరు. పుస్తకములో వ్రాసికొన్నను నీటి వేడి యెంతయో, పిండి మెత్తన యెంతయో అక్షరములకు అందదు.

సూరతు మహానగర పాలక సంస్థ తెలుగు మాధ్యమపు పాఠశాలలను నడుపుచున్నది. మన భాషకు ఈ ఊరు చోటిచ్చినది. మన తిండికి చోటు మన ఇండ్లలోనే తగ్గుచున్నది. చలికాలమున సూరతు వీథులలో లేత జొన్నగింజలు కాల్చిన ‘పోంక్’ కొఱకు జనులు గుమిగూడుదురు. మన పిల్లలును తిందురు. అది మన ఊచబియ్యమే యని వారికి చెప్పినవారున్నారా? అదే జొన్న రొట్టెగ పళ్ళెములో పడినచో వారు గుర్తింతురా?

కావున సంఘమువారికి మూడు చిన్న మనవులు. ఈ సంవత్సరపు వనభోజనమును ఉనాయిలో జరుపుదము. స్నానమాడి, అమ్మవారిని దర్శించి, అచ్చటి స్త్రీలు చేసిన నాగలీ రొట్టెను వారడిగిన ధర కిచ్చి, బేరమాడక తిందము. రెండవది, సంక్రాంతి భోజనమునకు లింబాయతులోని పెద్దమ్మలను కొందరను పిలిచి, జొన్నరొట్టెలు, సంకటి చేయింతము. వంటవానికి ఇచ్చునట్లే వారికిని తగిన ప్రతిఫలము నిత్తము. వారిని వంటింటి వెనుక గాక, సభ ముందటనే కూర్చుండబెట్టుదము. మూడవది, ఆనాడు మన బాలురు, బాలికలు ఇరువురును పిండిలో చేయి పెట్టవలెను. మగపిల్లలు పెట్టవలెనని ప్రత్యేకముగ మనవి చేయుచున్నాను. మొదటి రొట్టె విఱిగిపోవును. రెండవది వంకర పోవును. పదవది గుండ్రముగ వచ్చును. ఆ పది రొట్టెలకు వలయు పిండి, కట్టెలు నా వంతుగ నేను సమర్పింతును.