వేడి ఎక్కడ ఆగిపోయింది? – పాత కారు ఇంజిన్ శీతలీకరణ



విశిష్టోష్ణం, గుప్తోష్ణం, మరుగు స్థానం అనే మాటలను మీరు పాఠ్యపుస్తకంలో చదువుకున్నారు. నిర్వచనాలు రాసి మార్కులు కూడా తెచ్చుకుని ఉంటారు. ఈ మూడూ ఒకేచోట పనిచేసే యంత్రభాగం ఒకటి మీ వీధిలోనే ఉంది. అది కారు రేడియేటర్. పాత కారు ఇంజిన్ ఎందుకు విపరీతంగా వేడెక్కుతుందో, కారణాన్ని ఎలా కనిపెట్టాలో, ఎలా సరిచేయాలో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

ఉదాహరణకు ఒక దారిని తీసుకుందాం. నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల మీదుగా వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి సిరోంచ దాటి బస్తర్ ప్రాంతంలోకి ప్రవేశిస్తుంది. 2010లో నంబర్లు మార్చక ముందు దీన్ని 16వ నంబరు రహదారి అనేవారు. ఇది భోపాలపట్నం, బీజాపూర్, గీదం మీదుగా జగ్‌దల్‌పూర్ చేరుతుంది. గీదం ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడ జిల్లాలో ఒక కూడలి ఊరు. అక్కడి నుంచి ఇంకో దారి దంతేవాడ మీదుగా బైలడిల్లా ఇనుప గనుల వైపు పోతుంది. గీదం నుంచి జగ్‌దల్‌పూర్ వెళ్లేటప్పుడు బాస్తానార్ ఘాట్ ఎక్కాలి. మండు వేసవి, ఎర్రమట్టి దుమ్ము, బరువు లారీల వెనక నెమ్మదిగా ఎక్కాల్సిన ఎత్తు, ఊరికీ ఊరికీ మధ్య అడవి. శీతలీకరణలో చిన్న లోపమున్నా ఇలాంటి దారి దాన్ని బయటపెట్టేస్తుంది.

వేడి ప్రయాణించే మార్గం

పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో రమారమి మూడో వంతో, అంతకన్నా తక్కువో మాత్రమే చక్రాలను తిప్పే పనికి ఉపయోగపడుతుంది. పొగగొట్టం ద్వారా పెద్ద భాగం పోతుంది. దాదాపు అంతే భాగం ఇంజిన్ గోడలకు చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే లోహం వ్యాకోచించి, పిస్టన్లు పట్టేస్తాయి.

ఈ వేడి నాలుగు మజిలీలు దాటాలి. మొదటిది, ఇంజిన్ గోడల నుంచి నీటిలోకి. రెండోది, వాటర్ పంపు తోయగా నీటితోపాటు రేడియేటర్‌కు. మూడోది, రేడియేటర్ సన్నని గొట్టాల నుంచి రేకులకు. నాలుగోది, రేకుల నుంచి గాలిలోకి. ఇంజిన్ వేడెక్కిందంటే వీటిలో ఎక్కడో ఒకచోట దారి మూసుకుపోయిందన్న మాట. అది ఎక్కడో తెలుసుకోవడమే రోగ నిర్ణయం. తెలుసుకోకుండా ఒక్కొక్క భాగం మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు మాత్రం మిగులుతుంది.

ముందుగా ఒక హెచ్చరిక

వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎన్నడూ తీయకూడదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడిని నిలిపే మూత ఉంటే, లోపలి నీరు సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఉండగలదు. మూత తీయగానే ఒత్తిడి పడిపోతుంది, మరుగు స్థానం 100 డిగ్రీలకు దిగుతుంది. ఒక కిలో నీటిలో ఆ పది డిగ్రీల అదనపు వేడి 42 కిలోజౌళ్లు. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి 2260 కిలోజౌళ్లు కావాలి. అంటే సుమారు 18 గ్రాముల నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. చూడటానికి చిన్న అంకె. కానీ ఆ ఆవిరి ఘనపరిమాణం 30 లీటర్లు! అది మరిగే నీటిని వెంటబెట్టుకుని ముఖం మీదికి చిమ్ముతుంది. అందుకే బండిని పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, కనీసం అరగంట ఆగాలి. పైనున్న హోస్ పైపు చేతికి చల్లగా, మెత్తగా తగిలిన తరవాతే గుడ్డ వేసి మూతను మెల్లగా తిప్పాలి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే ఇనుప హెడ్ పగలవచ్చు. అదీ చేయకూడదు.

రెండు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఇంజిన్ ఎప్పుడు వేడెక్కుతోంది?

గీదం బజారులో ఆగి ఆగి నడిచేటప్పుడు మీటరు ముల్లు పైకి పోయి, ఊరు దాటి వేగం అందుకోగానే కిందికి దిగుతోందనుకోండి. వేగంలో గాలి దానంతటదే రేడియేటర్‌లోకి వస్తోంది. నిదానంలో గాలిని లాగాల్సింది ఫ్యాను. కాబట్టి లోపం ఫ్యాను దగ్గర ఉంది. అంబాసిడర్‌లో ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. బెల్టు వదులైతే జారుతుంది. తెగితే ఫ్యాను, పంపు, డైనమో మూడూ ఆగిపోతాయి. అప్పుడు ఛార్జింగ్ ఎర్రదీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగిన వెంటనే బండి ఆపిన డ్రైవరు ఇంజిన్‌ను కాపాడుకున్నట్టే. మారుతి 800లో ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది. అక్కడ ఫ్యూజు, వైర్లు, వేడికి పనిచేసే స్విచ్చి, మోటారు వరసగా పరీక్షించాలి.

ఊళ్లో బాగానే ఉండి, ఘాట్ ఎక్కేటప్పుడో, ఎక్కువ వేగంలోనో వేడెక్కితే కథ వేరు. అప్పుడు పుట్టే వేడి ఎక్కువ, మోసుకుపోయే శక్తి చాలడం లేదు. రేడియేటర్ రేకుల మధ్య దుమ్ము, గడ్డిగింజలు, పురుగులు చేరి ఉండవచ్చు. ఇంజిన్ చల్లారాక వెనక వైపు నుంచి ముందుకు సన్నని ధారతో కడగాలి. గొట్టాల లోపల సున్నపు పొర, తుప్పు పేరుకుని ఉండవచ్చు. పైహోసు బాగా వేడిగా, కిందిహోసు దాదాపు చల్లగా ఉంటే దీన్ని అనుమానించాలి. కిందిహోసు మెత్తబడి, పంపు లాగుడుకు లోపలికి నొక్కుకుపోవడం మరో కారణం.

బండి తీసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోయి, పైహోసు మాత్రం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ వాల్వు మూసుకుని ఉండిపోయిందని అనుమానించాలి. ముందు నీటిమట్టం సరిగా ఉందో లేదో చూసుకోవాలి. చాలామంది మెకానిక్‌లు ఈ వాల్వును తీసి పారేస్తారు. దానివల్ల ఇంజిన్ సరైన వేడికి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. చెడిపోతే కొత్తది వేయాలి తప్ప తీసేయకూడదు.

రెండో ప్రశ్న: నీళ్లు తగ్గుతున్నాయా?

తగ్గుతుంటే అవి ఎక్కడికి పోతున్నాయి? బయటికి కారితే హోసు క్లిప్పుల దగ్గర, పంపు కింది చిన్న రంధ్రం దగ్గర, రేడియేటర్ అతుకుల దగ్గర తడి గాని, ఎండిన మరక గాని కనిపిస్తుంది. మూతలోని రబ్బరు చెడితే ఒత్తిడి నిలవక, నీరు త్వరగా మరిగి పొర్లిపోతుంది. మూత ఖరీదు తక్కువ కాబట్టి దాన్ని ముందే పరీక్షించాలి. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు మాయమవుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ చూసే కడ్డీ మీద పాలు కలిపిన టీ రంగు నురగ, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లని పొగ, రేడియేటర్‌లో ఎడతెగని బుడగలు దీనికి గుర్తులు. అప్పుడు బండి నడపకుండా వర్క్‌షాపుకు చేర్చాలి.

ఏ నీళ్లు పోయాలి?

బావినీటిలో, బోరునీటిలో కరిగి ఉన్న లవణాలు వేడికి పొరగా పేరుకుంటాయి. కాగుల అడుగున కట్టే తెల్లని పొర లాంటిదే ఇది. ఆ పొర ఉష్ణాన్ని సరిగా ప్రసరింపనీయదు. అందుకే స్వేదనజలంలో కూలెంట్ కలిపి పోయాలి. “మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు?” అని కొందరు అడుగుతారు. కూలెంట్ మరుగు స్థానాన్ని పెంచుతుంది, తుప్పును అడ్డుకుంటుంది. బస్తర్ ఎండల్లో మనకు కావలసింది ఆ రెండే. అయితే ఇందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. పిల్లలకూ పశువులకూ అందనీయకూడదు. నేల మీద పారబోయకూడదు. దారిలో గత్యంతరం లేనప్పుడు చల్లారిన ఇంజిన్‌లో మామూలు నీళ్లు పోయవచ్చు. ఇల్లు చేరాక కడిగించి మార్చుకోవాలి.

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లో ఆగిపోయింది. ఇంకా నడుస్తున్న బండ్లను కాపాడేది వాటిని గమనించే మనిషే. గీదం నుంచి బీజాపూర్ వైపు రోగిని తీసుకువెళ్తున్న పాత బండిని ఊహించుకోండి. పది లీటర్ల నీళ్లు, ఒక అదనపు బెల్టు, ఒక హోసు, రెండు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవరు అందులో ఉన్నాయా లేవా అన్నదాని మీద ఒక ప్రాణం ఆధారపడవచ్చు.

మీరు చేసి చూడండి

1. పాత థర్మోస్టాట్ వాల్వును దారంతో కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీయండి. ఉష్ణమాపకం పెట్టి, ఉపాధ్యాయుని సమక్షంలో నీటిని వేడి చేయండి. వాల్వు ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుంటోంది? దాని మీద ముద్రించిన అంకెతో పోల్చండి.

2. మూత ఒత్తిడి 13 పౌన్లయితే నీరు సుమారు 119 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత తీస్తే ఒక కిలో నీటి నుంచి ఎన్ని గ్రాముల ఆవిరి వస్తుందో లెక్కకట్టండి.

3. నిదానంలో వేడెక్కి, వేగంలో చల్లబడే కారుకు కొత్త రేడియేటర్ వేయాలని ఒకరు సలహా ఇచ్చారు. మీరేమంటారు? కారణం రాయండి.