మన వీధి పార్కు - మన హక్కు, మన వంతు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, రికవరీ గురించి మన కోశాధికారి వదిన చెప్పారు. మా నరసరావుపేట స్లమ్ సమాఖ్య తరఫున మమ్మల్ని పార్కు గురించి మాట్లాడమన్నారు. "పార్కు గురించి మాట్లాడేదేముందమ్మా" అని కొందరికి అనిపించవచ్చు. మా సంఘాల్లో కూడా మొదట అట్టాగే అన్నారు.

మన పల్నాడు ఎండలు మనకి కొత్త కాదు. రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందంటే పేపర్లో మొదట వచ్చే పేరు మన రెంటచింతల. ఇక రేకుల ఇంట్లో, ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్ళకి సాయంత్రం కూర్చోడానికి చెట్టు నీడ ఉన్న చోటు యాడుంది? మగవాళ్ళకి టీ బంకు ఉంది, అరుగు ఉంది, సెంటరు ఉంది. మనం వీధి చివర పది నిమిషాలు నిలబడితే "ఏంది పనేమీ లేదా" అంటారు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళని డాక్టరు నడవమంటాడు. లారీలు తిరిగే రోడ్డు మీద నడుస్తామా? అందుకని పార్కు డబ్బున్న కాలనీల వాళ్ళ సోకు అనుకోవద్దు. ఇంట్లో చోటు తక్కువ ఉన్నవాళ్ళకే పార్కు ఎక్కువ అవసరం.

ఇది ఎవరో దయతో ఇచ్చేది కూడా కాదు. రాజ్యాంగానికి 74వ సవరణ జరిగి 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పట్టణ సంస్థల పనులుగా 18 అంశాలు రాశారు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు వాటిలో ఒకటి. మన రాష్ట్రంలో లేఅవుట్ వేసేటప్పుడు 10 శాతం స్థలం ఖాళీగా వదిలి, మునిసిపాలిటీ పేరున రిజిస్టరు చేసి ఇవ్వాలని నిబంధన ఉంది. 2015లో కేంద్రం అమృత్ పథకం పెట్టినప్పుడు మన జిల్లాలో నరసరావుపేట, చిలకలూరిపేట అందులో ఉన్నాయి. తాగునీరు, మురుగునీటి పనులతో పాటు పిల్లలకి, పెద్దవాళ్ళకి పనికొచ్చే పార్కులు కూడా ఆ పథకంలో భాగమే. కట్టిన తరవాత చూసుకోవడంలో స్థానికుల్ని కలుపుకోవాలని కూడా అందులో చెప్పారు. ఆ స్థానికులం మనమే కదా.

మా వార్డు పార్కు సంగతి చెబుతాం. గేటుకి తాళం ఉండేది, కానీ ప్రహరీ ఒక పక్క కూలి ఉండేది. అంటే పిల్లలకీ, ముసలమ్మలకీ తాళం. తాగేవాళ్ళకి దారి. లోపల నడుము ఎత్తు వయ్యారిభామ. ఉయ్యాల గొలుసు తెగి వేలాడుతుండేది. పంపు ఉంది, నీళ్ళు రావు.

మా స్లమ్ సమాఖ్య నెల సమావేశంలో దీన్ని ఒక అంశంగా రాయించాం. తీర్మానం చేసి, నలభై మంది సంతకాలతో ముందు వార్డు సచివాలయంలో ఇచ్చాం, తరవాత సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టాం. రెండు సార్లు తిరిగాక గోడ కట్టారు, పంపు బాగుచేశారు. గేటు తాళం రెండో చెవి మాకు ఇచ్చారు.

తరవాత వంతులు వేసుకున్నాం. మా దగ్గర ఏడు సంఘాలు, వారానికి ఏడు రోజులు. ఒక్కో సంఘానికి ఒక సాయంత్రం. ఆ సంఘం నుంచి ముగ్గురు వస్తే చాలు. సంఘానికి పది మంది చొప్పున లెక్కేస్తే, ఒక్కో మనిషికి నెలలో ఒకసారో రెండు సార్లో వంతు వస్తుంది. వంతు అంటే ఊడ్చేది కాదు. ఐదున్నరకి గేటు తీసి, చీకటి పడేదాకా అక్కడ కూర్చోవడం. ఏది విరిగిందో, ఏ లైటు వెలగలేదో చూసి పుస్తకంలో రాయడం. సంఘాల నెల సమావేశాలు కూడా అక్కడే పెట్టుకుంటున్నాం.

ఆ కూర్చోవడంతోనే చాలా మారింది. ఆడవాళ్ళు రోజూ కూర్చునే చోటుకి సీసాలు పట్టుకొచ్చేవాళ్ళు మెల్లగా తగ్గారు. ఇద్దరు ముగ్గురు గొడవకి వస్తే వార్డు మహిళా పోలీసుకి చెప్పాం. క్రికెట్ ఆడే అబ్బాయిల్ని మాత్రం పొమ్మనలేదు. వాళ్ళకి ఒక మూల, చిన్నపిల్లలకి ఒక మూల అనుకున్నాం. "అత్తా, బంతి ఇటు పడింది ఇవ్వవూ" అని వాళ్ళే ఇప్పుడు పలకరిస్తున్నారు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఆస్ట్రియా దేశంలో వియన్నా అని ఒక నగరం ఉంది. తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కులకి రావడం బాగా తగ్గిపోతోందని 1990లలో అక్కడ గమనించారు. మగపిల్లలు ఉన్న చోటంతా ఆటకి ఆక్రమిస్తే ఆడపిల్లలు పోటీ పడకుండా తప్పుకుంటున్నారని తెలిసింది. 1999లో రెండు పార్కుల్ని మార్చారు. నడిచే దారులు పెంచి, పెద్ద స్థలాన్ని చిన్న చిన్న భాగాలు చేసి, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి ఆటలకి చోటిచ్చారు. ఆడపిల్లలు మళ్ళీ వచ్చారు. అలాంటి నగరంలోనే అట్టా ఉంటే మన పిల్లల సంగతి ఆలోచించండి. మన దగ్గర పెద్దమనిషి అయిన పిల్లని ఆటకి పంపం. మేము ఒక పక్క చెట్ల కింద తాడాట, షటిల్ ఆడుకునే చోటు ఉంచాం. అమ్మలు అక్కడే కూర్చుంటున్నారు కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కూడా వస్తున్నారు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాం. కొన్ని నెలలు గడిచాక, "మీరు ఇంత బాగా చూసుకుంటున్నారు కదమ్మా, ఊడ్చేది కూడా మీరే ఊడ్చుకోండి" అని మాకు ఒక మాట వచ్చింది. రెండు వారాలు పారిశుధ్య కార్మికురాలు రాలేదు. మాలో కొందరు చీపురు పట్టుకున్నారు కూడా. అప్పుడు మా సమావేశంలో పెద్ద చర్చే జరిగింది. "మన పార్కే కదా, మనం ఊడిస్తే ఏమైంది" అని ఒకరు. "ఇంట్లో చేసేది చాలదా, ఇక్కడ కూడా జీతం లేని చాకిరీనా" అని ఇంకొకరు. ఆ పని చేసే ఆమె కూడా మన సంఘం సభ్యురాలే. మనం ఉచితంగా ఊడిస్తే ఆమె కూలి పోయినట్టే కదా అని మూడో ఆమె అడిగింది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

అందుకని తీర్మానం రాసుకున్నాం. చూసుకోవడం, కూర్చోవడం, అడగడం మన వంతు. ఊడవడం, నీళ్ళు, కరెంటు, మరమ్మతులు మునిసిపాలిటీ వంతు. ఆ పనులు సంఘాలకి అప్పగించాలనుకుంటే డబ్బు కట్టి, రాతపూర్వకంగా అప్పగించాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఒడిశాలో పార్కుల నిర్వహణ మహిళా సంఘాలకి అప్పగించారు. అమృత్ రెండో దశలో అమృత్ మిత్ర పేరుతో మన లాంటి సంఘాల వాళ్ళకి పనులు ఇస్తున్నారు. అందులోనే 2025 జూన్ 5న మొదలైన "విమెన్ ఫర్ ట్రీస్" కార్యక్రమంలో మొక్కలు నాటి పెంచే బాధ్యత సంఘాల మహిళలకి ఇచ్చి, దానికి డబ్బు చెల్లించే పద్ధతి పెట్టారు. కాబట్టి మీ పట్టణంలో ఆ పని వస్తే మెప్మా సిబ్బందిని వివరాలు అడగండి. ఎంత ఇస్తారు, ఎన్నాళ్ళు, ఎండిన మొక్కకి ఎవరు బాధ్యత అనేది రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు.

పార్కు స్థలంలో ఏదో ఒకటి కట్టేద్దాం అనేవాళ్ళు కూడా వస్తారు. మంచి పనికే అంటారు. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకి వదిలిన స్థలాన్ని ఆస్పత్రి కట్టుకోమని ఒక ట్రస్టుకి ఇచ్చారు. ఆ వీధుల వాళ్ళు కోర్టుకి వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. పార్కు అందరిదీ, దాన్ని కొందరికి రాసిచ్చే అధికారం లేదని ఆ తీర్పు సారం. కాబట్టి మీ పార్కు సర్వే నంబరు, విస్తీర్ణం ముందే తెలుసుకుని పుస్తకంలో రాసి పెట్టుకోండి.

పుస్తకం సంగతి ఇంకో మాట. మన పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి. అదే పార్కుకీ పెట్టాం. తేదీ, వచ్చినవాళ్ళు, పాడైనది, ఎవరికి చెప్పాం, ఎప్పుడు బాగుపడింది. "లైటు వెలగట్లేదండీ" అంటే వినరు. "ఫలానా తేదీన చెప్పాం, పద్దెనిమిది రోజులైంది" అని పుస్తకం తెరిచి చూపిస్తే వింటున్నారు.

కష్టాలు లేవని చెప్పం. మిరపకాయల కాలంలో ముచ్చికలు తీసే పనికి అందరూ పోతారు. చీకటి పడ్డాక గానీ ఇంటికి రారు. ఆ రెండు మూడు నెలలు పెద్ద వయసు అత్తలే గేటు తీస్తున్నారు. వేసవిలో తాగే నీళ్ళకే ఇబ్బంది, పార్కుకి అడగలేం. పోయిన మే నెలలో పూలమొక్కలు చాలా ఎండిపోయాయి. వేపలు, కానుగలు నిలబడ్డాయి. అందుకని ఈసారి నీడనిచ్చే మన చెట్లే అడిగాం. రాలిన ఆకు తగలబెట్టకుండా పాదుల్లో కప్పుతున్నాం, తడి నాలుగు రోజులు ఎక్కువ ఉంటుంది. వయ్యారిభామని పూత రాకముందే, చేతికి గుడ్డో కవరో కట్టుకుని వేరుతో పీకాలి. ఊరికే ముట్టుకుంటే దురద, దద్దుర్లు వస్తాయి.

ఇక్కడున్న ప్రతి స్లమ్ సమాఖ్యని మేము అడిగేది మూడే పనులు. వచ్చే నెల సమావేశంలో మీ పార్కుని ఒక అంశంగా రాయించండి. పార్కు లేకపోతే లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం ఎక్కడుందో వార్డు సచివాలయంలో అడగండి. వారంలో ఒక్క సాయంత్రమైనా పది మంది కలిసి వెళ్ళి అక్కడ కూర్చోండి. పని పెట్టుకుని వెళ్ళాల్సిన అవసరం లేదు. పల్లీలు తీసుకెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి, మీ అత్తగారిని తీసుకెళ్ళండి. కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కూడా మన హక్కే.