పగిలిన కుండలో కొత్తిమీర



ఒకప్పుడు కూరగాయలు కొంటే కొత్తిమీర కొసరుగా వేసేవారు. ఇప్పుడు దానికీ డబ్బులే. వానలు గట్టిగా పడ్డాయంటే కట్ట చిక్కిపోతుంది, ధర పెరుగుతుంది. దొడ్డి లేని ఇంట్లో కూడా కొత్తిమీర పెరుగుతుంది. పగిలిన కుండ చాలు, పాత బకెట్టు చాలు.

కావలిలో చలికాలమంటే వట్టి చలి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు ముసురే. అప్పుడు నీళ్లు నిలిచి గింజ కుళ్లిపోతుంది. అందుకే కుండ అడుగున బెజ్జాలు పెట్టాలి. ముసురు పడితే కుండను వసారాలోకి జరపాలి. మడిని జరపగలమా?

వానలు తగ్గాక, డిసెంబరు మొదట్లో వేస్తే సంక్రాంతికి కొత్తిమీర కోతకు వస్తుంది. ఎండాకాలంలో వేస్తే ఆకు సరిగా వేయకుండానే పూతకు వస్తుంది.

వంటింటి ధనియాలే పనికొస్తాయి. మరీ పాతవైతే మొలవవు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. మెల్లగా నలిపి రెండు బద్దలు చేయాలి. పొడి కాకూడదు. రాత్రి నానబెట్టి, ఉదయం చల్లి, పైన అర అంగుళం మట్టి కప్పాలి. మొలకకు పది రోజుల పైన కూడా పట్టవచ్చు. నాలుగో రోజే కుండ గుమ్మరించేవాళ్లు ఉన్నారు! విత్తిన తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకోండి. రాయడం వచ్చింది కదా.

తుమ్మలపెంట లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట, ఆకు అంచులు మాడతాయి. వాన నీళ్లు పట్టి పోయాలి. బియ్యం కడిగిన నీళ్లూ పోయవచ్చు. సబ్బు నీళ్లు వద్దు.

పుదీనాకు విత్తనంతో పనే లేదు. ఆకు గిల్లుకుని, ముదురు కాడను తడిమట్టిలో గుచ్చితే చాలు.

మెంతులు నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. నెలకల్లా కూర. ఈ కూర ఆడవాళ్లకు మరీ అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువ. ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. నిమ్మకాయ పిండుకుంటే అది ఒంటికి బాగా పడుతుంది. కూర తింటున్నాం కదా అని గర్భిణులు ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. రెండూ కావాలి. ఇంటిల్లిపాదికీ వడ్డించి గిన్నె ఊడ్చుకునే తల్లి, ఆ రోజైనా తన పాలు ముందు తీసి పెట్టుకోవాలి.

కొత్తిమీరను వేళ్లతో పీకకుండా పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. నాలుగు మొక్కలు కోయకుండా వదిలేస్తే ఉగాది నాటికి పూసి, కాసి, వచ్చే ఏటికి విత్తనం ఇస్తాయి.