కార్యాలయములలో అంతర్జాలపు వడపోఁత



నూతినీరు త్రాగువాఁడు దానిని గుడ్డతో వడగట్టుకొనును. ఇందెవ్వరికిని ఆక్షేపణ యుండదు. కాని గుడ్డ మఱీ దట్టమైనచో నలుసుతోఁబాటు నీరును నిలిచిపోవును; దాహము తీఱదు. నేఁటి కార్యాలయములలోను, బడులలోను, గ్రంథాలయములలోను అంతర్జాలమునకుఁ గట్టిన వడపోఁతగుడ్డ యిట్టిదే. ఉద్యోగి పనిమీఁద నొక పుటను దెఱవఁబోవును. 'ఇది నిషిద్ధము' అను మాట తెరమీఁదఁ గనఁబడును. ఎవరు నిషేధించిరో, ఎందులకు నిషేధించిరో, ఎవరితోఁ జెప్పుకొనవలెనో అందుండదు. ఈ చిక్కును గుఱించియే నేఁడు నాలుగు మాటలు మనవి చేయఁదలఁచితిని.

ముందుగా నొక న్యాయమును ఒప్పుకొందము. కార్యాలయపు యంత్రము కార్యాలయముది. దానికిఁ గట్టు రుసుమును కార్యాలయమే కట్టుచున్నది. జీతము పుచ్చుకొనువేళ ఆటలును, బేరములును చూడఁగూడదనుట ధర్మమే. అంతకంటె ముఖ్యమైనది భద్రత. దుష్టుఁడొకఁడు పన్నిన పుటను ఒక్కగుమాస్తా తెఱచినచో, దస్త్రములన్నియు పాడగు ప్రమాదము గలదు. కావున వడపోఁత యుండరాదని నేననను. అది యెట్లుండవలెననుటయే ప్రశ్నము.

ఈ అడ్డగింపు పనిచేయు తీరు కొంత తెలిసికొనవలెను. ప్రతి సైటునకు నొక పేరును, ఆ పేరువెనుక నొక సంఖ్యయు నుండును. పేరు చెప్పినవెంటనే సంఖ్య నిచ్చు యంత్రమొకటి కలదు. నిషిద్ధమైన పేరు చెప్పినప్పుడు అది సంఖ్య నీయదు. ఇది మొదటి మార్గము. సంఖ్యనే అడ్డుట రెండవది. ఒకే సంఖ్యమీఁదఁ బెక్కు సైట్లు కాఁపురముండుటచేత నిరపరాధులును దీనిలోఁ జిక్కుదురు. మూఁడవది వర్గవిభాగము. జూదము, వినోదము, ఆయుధములు అని వ్యాపారసంస్థలు సైట్లను వర్గములుగాఁ గూర్చి అమ్మును. కార్యాలయము తనకు వలదన్న వర్గమును మూసివేయును. 'వర్గము తెలియనివి' అను నొక గంపయు నుండును. ఎవరో అభిమాని నడుపుకొను చిన్న తెలుఁగు సైటు ఆ గంపలోఁ బడుట సులభము. దానిని మూసినచో అదియు మూఁతపడును. నాలుగవది పదములనుబట్టి ఆఁపుట. ఇది అన్నిటికంటెఁ బ్రమాదకరమైనది. ఏలయన యంత్రమునకు అక్షరములు తెలియునుగాని అర్థము తెలియదు.

మాకుఁ బదచ్ఛేదము నేర్పిన గురువులు, తప్పుచోట విఱిచిన పదము తప్పర్థము నిచ్చునని మొదటనే హెచ్చరించెడివారు. యంత్రమున కా గురువు లేఁడు. ఇంగ్లండులో స్కంథార్పు అను పట్టణము కలదు. 1996లో నొక ప్రసిద్ధ అమెరికా సంస్థయొక్క వడపోఁత ఆ యూరివారిని ఖాతాదారులుగా నమోదు కానీయలేదు. ఊరిపేరి నడుమ నొక బూతుమాటయొక్క అక్షరము లున్నవఁట! మన భాషలోను ఇట్టి యపాయము తక్కువకాదు. 'విష' అను అక్షరములను నిషేధించితిమా, 'విషయసూచిక' మూఁతపడును. 'సారా' అను మాటను నిషేధించితిమా, 'సారాంశము' మూఁతపడును. ఇది నవ్వుటకుఁ జెప్పినమాట కాదు. నేనెఱిఁగిన యొక యుపాధ్యాయిని, 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటమును గుఱించి పాఠము సిద్ధపఱుపఁబోయెను. బడి కంప్యూటరులో నొక్కపుటయుఁ దెఱచుకొనలేదు. అడిగినచో 'ఏమి చూచుచుంటివి?' అని అనుమానింతురేమో యని యామె వెనుదీసెను. ఆ యేఁడు పిల్లలకా పాఠము లేదు. మఱుసటియేఁడు ధైర్యము చేసి రెండు పంక్తులు వ్రాసి యీయఁగా, అరగంటలో నా పుటలు తెఱచుకొనినవి. పదముల పట్టికలో 'సారా' యున్నదఁట, అంతే. తెఱచుటకుఁ బట్టినది అరగంట; భయము మ్రింగినది ఒక యేఁడు.

మా నర్సీపట్నమునకుఁ జేరువనున్న కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి కలదు. 1922 ఆగస్టులో నాతఁడు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులు గొనిపోయెను. ఆ చరిత్రమును వెదకు బాలునకు 'తుపాకి', 'దాడి', 'తిరుగుబాటు' అను మాటలు తప్పవు. వాని ప్రశ్నమును చరిత్రలోఁ జేర్పక 'ఆయుధములు' అను వర్గములో వేసినచో, వాఁడు తన యూరి కథనే తెలిసికొనలేకపోవును.

ఇఁక మఱియొక దోషము: ఒక గదికై ఇల్లంతయు మూయుట. ఇప్పుడు పెక్కు సైట్లు గూఢలిపిలో మాటలాడుచున్నవి. నడుమనున్న యంత్రమునకు ఇంటిపేరు కనఁబడునుగాని యే గదికిఁ బోవుచున్నారో కనఁబడదు. కావున ఇంటినంతయు మూయుటయో, అంతయు విడుచుటయో తటస్థించును. అంతకుముందును ఈ దోషము లేకపోలేదు. 2006 జూలైలో ముంబయి రైళ్లలోఁ బ్రేలుళ్లు జరిగిన కొలఁదిదినములకు ప్రభుత్వము కొన్ని పుటలను మాత్రమే ఆఁపుఁడనఁగా, అంతర్జాలము నందించు సంస్థలు బ్లాగ్‌స్పాట్‌ను సమూలముగా మూసివైచెను. 2017 ఆగస్టులో చలనచిత్రముల దొంగప్రతుల నాఁపుటకై మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తరువుల మూలమున ఇంటర్నెట్ ఆర్కైవ్ అను మహాగ్రంథాలయము కొన్నిదినములు మనదేశమున మూఁతపడెను. అచ్చులో దొరకని పాత తెలుఁగుపుస్తకములు వేలకొలఁది అందుఁ గలవు. నిఘంటువుకై, వ్యాకరణముకై అచ్చటికిఁ బోవు మావంటివారికి సినిమాదొంగలతో నేమి సంబంధము?

నిషేధమున్నచోటఁ గారణము నుండవలెనని మన న్యాయశాస్త్రమే చెప్పుచున్నది. సమాచార సాంకేతిక చట్టములోని 69ఎ విభాగము ప్రభుత్వమునకు సైట్లను మూయు నధికారము నిచ్చినది. 2015 మార్చి 24న సుప్రీముకోర్టు శ్రేయా సింఘాల్ వ్యాజ్యములో ఆ విభాగమును నిలిపినది; కారణములను వ్రాఁతలో నుంచవలెననుట ఆ చట్టమున కొక రక్షగా నెంచినది. పూర్వము ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. అది యన్యాయమే. కాని నిషిద్ధమైనది ఏదో లోకమునకుఁ దెలిసెను. కావున దానిపై వాదింప వీలయ్యెను. 1937లోఁ గాంగ్రెసు మంత్రివర్గము వచ్చినపిమ్మట నది తొలఁగెను. పేరులేని నిషేధముపై నెవరు వాదింతురు? దేశరక్షణకై చేయు నిషేధమునకే కారణము వ్రాయవలసియుండఁగా, ఆఫీసుగదిలోని నిషేధమునకు వలదా?

ఇఁకఁ గర్తవ్యము. ఉద్యోగులకు నా మనవి యిది. దొడ్డిదారులు వెదకకుఁడు. అడ్డు దాఁటింతుమని ఉచితముగాఁ బిలుచు మధ్యవర్తి సైట్లు మీరు చూచినదంతయుఁ దాము చూడఁగలవు. కార్యాలయపు రహస్యము మీద్వారా వెలికిఁ బోఁగలదు. ఆఫీసు కాగితములను సొంత ఫోనులోనికిఁ బంపుకొని పనిచేయుటయు నట్టిదే. పుటయొక్క పూర్తి చిరునామా, దానితోఁ బని, ఎంతకాలము వలయునో ఆ గడువు, ఈ మూఁడును వ్రాసి యడుగుఁడు. పనికై యడుగుట తప్పుకాదు.

అధికారులకును మనవి కలదు. అడ్డుపుటమీఁదఁ గారణమును, అడుగవలసిన యధికారి పేరును వేయింపుఁడు. వచ్చిన కోరికలను నొక పుస్తకమున నెక్కించి, ఒక దినములో నవుననియో కాదనియో చెప్పుఁడు. వలసినపుటను మాత్రమే తెఱపింపుఁడు. మూఁడుమాసముల కొకసారి పట్టికను దిరుగఁజూడుఁడు. నిరుడు పెట్టిన మాట యీయేఁటికి వలదేమో. పై యధికారికి నొక నియమము, గుమాస్తాకు మఱియొక నియమము వలదు. అన్నిటికంటె ముఖ్యముగా, అడిగినవానిని దొంగనుగాఁ జూడకుఁడు. మూఁతపడిన సైటును దెఱచుట క్షణములో పని. ఒకసారి అవమానపడి నోరు మూసికొనిన యుద్యోగిచేత మరల నడిగించుట అంత సులభము కాదు.

గుడ్డ నలుసును పట్టవలెను, నీటిని విడువవలెను. ఏది నలుసో, ఏది నీరో తేల్చుపనిని యంత్రమునకే వదలక, నడుమ నొక మనుష్యుఁడు నిలిచి, అడిగినవానికి బదులు చెప్పవలెను. ఇదియే నా విన్నపము.