డబ్బు ఇచ్చారు, ఇక ఒక పూట ఇవ్వండి

(సంఘం వార్షిక సభలో దాతల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



క్యాన్సర్ బాధితుల కోసం పనిచేసేచోట మనం ఏం చేయగలమో నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షులవారు ఆజ్ఞాపించారు. మేము బడిపంతుళ్ళం. మా నాలుగు మాటలు ఒక పీరియడు పడతాయి. కాస్త ఓపిక పట్టాలి.

ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం. 2000లో ప్యారిస్‌లో జరిగిన సదస్సులో పెట్టుకున్న రోజు అది. మన దేశంలో నవంబరు 7న, మేరీ క్యూరీ పుట్టినరోజున, జాతీయ క్యాన్సర్ అవగాహన దినం జరుపుతారు. ఆ రెండు రోజులూ ఆఫీసుల్లో రిబ్బన్లు కడతారు, డాక్టరుగారిని పిలిచి ఉపన్యాసం ఇప్పిస్తారు, రక్తదాన శిబిరం పెడతారు, ఫోటోలు దిగుతారు. అందులో తప్పేమీ లేదు. అమెరికాలో టకోమా అనే ఊళ్ళో గోర్డీ క్లాట్ అనే సర్జన్ 1985లో 24 గంటల పాటు ట్రాకు చుట్టూ తిరిగి క్యాన్సర్ రోగుల కోసం 27 వేల డాలర్లు పోగుచేశారు. ఇప్పుడు అలాంటి నడకల్లో ఆఫీసులకు ఆఫీసులే జట్లుగా పాల్గొంటాయి. ఆయన డబ్బు పోగుచేసి ఇచ్చిన అమెరికన్ క్యాన్సర్ సొసైటీవాళ్ళే ఇంకో పని కూడా చేయిస్తారు. బండి లేని రోగిని ఒక వాలంటీరు తన సొంత కారులో చికిత్సకు తీసుకుపోయి, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతాడు. ఆ నడక కంటే ఈ కారు మాకు ఎక్కువ నచ్చింది. ఎందుకో చెప్తాము.

2022 లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో దాదాపు 2 కోట్ల మందికి కొత్తగా క్యాన్సర్ బయటపడింది. 97 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో కొత్తగా బయటపడినవారే 14 లక్షల పైచిలుకు. ఇంత పెద్ద అంకె విన్నప్పుడు అయ్యో అనుకుంటాం, తరువాత టీ తాగడానికి లేస్తాం. అందుకని అంకెలు ఇక్కడితో వదిలేసి మన పేట సంగతికి వద్దాం.

ఖైరతాబాద్ అంటే ఖైరాతు పంచే ఊరని మా బడి పిల్లలు అనుకుంటారు. కాదు, కుతుబ్‌షాహీల ఇంటి ఆడపడుచు ఖైరున్నిసా బేగం పేరు మీద వచ్చిందని చెప్తారు. ఇక్కడి పాత మసీదును ఆవిడ తనకు చదువు చెప్పిన ఉస్తాదు కోసం కట్టించిందని కూడా అంటారు. టీచర్లం కనుక ఆ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాము. అసలు విషయానికి వస్తే, ఇక్కడ మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే లక్డీకాపూల్. దిగి కాస్త నడిస్తే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. అమీర్‌పేట వైపు ఎక్కితే ఇర్రం మంజిల్, పంజాగుట్ట. అక్కడ నిమ్స్. రెండు ప్రభుత్వ ఆసుపత్రులు, రెండూ మన గుమ్మం ముందే ఉన్నాయి. ఎంఎన్‌జే 1955లో మొదలైంది. ఆ మూడక్షరాలు మెహ్దీ నవాజ్ జంగ్‌వి. హైదరాబాదు పాలనలో పెద్ద పదవులు చేసి, ఆ తరువాత 1960లో గుజరాత్‌కు మొట్టమొదటి గవర్నరు అయిన పెద్దమనిషి. మన పిల్లలకు ఆ పేరు తెలియదు. రెడ్‌హిల్స్ క్యాన్సర్ ఆసుపత్రి అంటేనే తెలుస్తుంది.

అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళ నుంచి వచ్చిన కూలీనాలీ జనం. పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. వాళ్ళ దగ్గర ఆరోగ్యశ్రీ కార్డు ఉంటుంది. 2007లో మొదలైన ఆ పథకం ఎంతోమందిని అప్పుల నుంచి కాపాడింది, కాదనలేము. అయితే కార్డు వేరు, దాన్ని పట్టుకుని ఏ కిటికీ దగ్గరకు పోవాలో తెలియడం వేరు. బయాప్సీ రిపోర్టు ఒకచోట, స్కానింగు ఒకచోట, ఆరోగ్యమిత్ర కూర్చునేది మరొకచోట. చదువు రాని మనిషికి ఆ కాగితాలే మొదటి జబ్బు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన ఒక తల్లిని తీసుకోండి. రేడియేషన్ అంటే వారానికి 5 రోజులు, దాదాపు 5 వారాలు. ఆ తరువాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ వేరే. యంత్రం కింద ఉండేది కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాల కోసం నెల పైన ఊరు విడిచి ఉండాలి. వెంట భర్తో కొడుకో ఉండాలి. చికిత్సకు కార్డు ఉంది, వెంట వచ్చిన మనిషి పోగొట్టుకునే కూలికి ఏ కార్డూ లేదు. మూడో వారం వచ్చేసరికి, నొప్పి కాస్త తగ్గింది కదా, మళ్ళీ వస్తాంలే అని ఊరికి పోతారు. మధ్యలో ఆపితే అంతవరకు చేసిన వైద్యం బలం తగ్గిపోతుంది. జబ్బుకు అదే కావలసింది.

మన సంఘం నుంచి మందులకు, అన్నానికి సొమ్ము పోతూనే ఉంది. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలి. కానీ ఆ తల్లి దగ్గర నాలుగు గంటలు కూర్చుంటే చాలు, ఆమె భర్త ఆ పూటకు అడ్డాకు పోయి కూలి తెచ్చుకుంటాడు. ఆ నాలుగు గంటలను చెక్కు రాసి కొనలేము. రోగిని పరామర్శించడం మన దీనులో ఒకరి మీద ఒకరికి ఉన్న హక్కు అని ఇక్కడున్న అందరికీ తెలుసు. ఆ హక్కు పక్కింటివారికే పరిమితం అని ఎవరూ చెప్పలేదు. ఆ తల్లి పేరు ఏదైనా, మతం ఏదైనా మనకు లెక్కలేదు.

మా బడి సంగతి చెప్తాము. మా స్టాఫ్ రూంలో మాతోపాటు లెక్కలు చెప్పిన ఒక టీచరమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరు మీద బహుమతి పెడదామని కొందరు, బీరువా కొందామని కొందరు అన్నారు. చివరికి ఒక చార్టు గీసి గోడకు అంటించాము. నెలకు ఒక్కొక్కరు ఒక పూట. ఆ పూట వారి పీరియడ్లు మిగిలినవారు చూసుకోవాలి, అంతే. హెడ్‌మాస్టరుగారు ముందు ముఖం చిట్లించినా తరువాత తన పేరు కూడా రాశారు. లైనులో నిలబడతాం, ఫారాలు నింపుతాం, వీల్‌చైరు తోస్తాం. ఉర్దూ మాత్రమే వచ్చిన వృద్ధురాలికి డాక్టరుగారు తెలుగులో చెప్పింది విడమర్చి చెప్తాం. ఇంతకంటే గొప్ప పనులేమీ చేయలేదు.

పిల్లల వార్డు గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకానికి చికిత్స రెండు మూడేళ్ళు నడుస్తుంది. మంచి వైద్యం పూర్తిగా అందితే వారిలో చాలామంది బాగవుతారు. బాగయ్యాక ఏమవుతుంది? మూడో తరగతిలో ఆపిన పిల్లవాడు ఆరో తరగతి ఈడుకు వస్తాడు. తన కంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి బడి మానేస్తాడు. ప్రాణం దక్కింది, చదువు పోయింది. అందుకని మేము వాచకాలు పట్టుకుపోతాం. మంచం పక్కన అరగంట లెక్కలు, అరగంట కథ. కీమో ఎక్కిన రోజు ఏమీ చెప్పం, ఊరికే కూర్చుంటాం. మాస్కు పెట్టుకుంటాం, చేతులు కడుక్కుంటాం, జలుబు ఉన్నవాళ్ళం ఆ పూట పోము, ఎందుకంటే ఆ పిల్లలకు మన తుమ్ము కూడా ప్రమాదమే. పూలు, కోసిన పండ్లు తీసుకుపోము. ఎలా వచ్చింది జబ్బు అని తల్లిని అడగము. ఫలానా ఆకుపసరు తాగించమని చెప్పము. మాతో వచ్చిన ఒకాయన ఇలా సలహాలు మొదలుపెడితే రెండోసారి పిలవలేదు.

ఇక రక్తం మాట. ఫిబ్రవరి 4న ఒక కంపెనీలో 200 మంది రక్తం ఇచ్చారనుకోండి. ఎర్ర కణాలు నెల పైన నిలవ ఉంటాయి. కీమో ఎక్కిన పిల్లవాడికి అత్యవసరంగా కావలసింది మాత్రం ప్లేట్‌లెట్లు. అవి 5 రోజులే ఉంటాయి. 10వ తేదీ నాటికి శిబిరం పుణ్యం పుస్తకంలో ఉంటుంది, సంచీలో ఉండదు. ఆ పిల్లవాడికి ముక్కులోంచి రక్తం కారేది 17వ తేదీ రాత్రి. కాబట్టి 200 మంది ఒకేరోజు రావడం కంటే, ఏడాది పొడుగునా పిలిస్తే వచ్చే 20 మంది మేలు. యంత్రం మీద ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకుని మిగతా రక్తం తిరిగి ఎక్కిస్తారు. గంటా రెండు గంటల పని. డాక్టరు పరీక్షించి సరే అంటే ఒక మనిషి ఏడాదిలో 24 సార్ల వరకు ఇవ్వవచ్చు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగుకు వచ్చిన పడుచు పిల్లలు వేలమంది ఉన్నారు. హాస్టళ్ళు నడిపేవారు, కోచింగ్ సెంటర్లకు స్థలాలు ఇచ్చినవారు ఈ సభలోనే ఉన్నారు. ఒక ఫోన్ నంబర్ల జాబితా తయారుచేయడం మీకు ఎంత పని?

రమజాన్‌లో చిక్కు ఉంది. రోజాలో ఉన్న మన కుర్రాళ్ళు పగలు రక్తం ఇస్తే నీరసించి పడిపోతారు, బ్లడ్ బ్యాంకువారు కూడా ఒప్పుకోరు. మసలా ఏమిటన్నది ఉలమాలను అడగండి, అది మా పని కాదు. మేము చూసిన ఉపాయం ఒకటే. ఆ నెల పగటి పూటలకు మన షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే ముస్లిమేతర సోదరులు పేర్లు రాయాలి, ఇఫ్తారు చేసి అన్నం తిన్నాక మనవాళ్ళు. దసరాకు, సంక్రాంతికి వాళ్ళు ఊళ్ళకు పోయినప్పుడు ఆ పూటలు మనవాళ్ళవి.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి చేదుగా ఉండవచ్చు. మా పదో తరగతి పిల్లవాడి తండ్రి ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మ్యాన్. నాలుక మీద పుండు క్యాన్సర్ అని తేలింది. యజమాని దయగల మనిషి, రమజాన్‌లో 20 వేలు ఇచ్చారు, దువా చేశారు. ఆ 20 వేలు రెండు నెలలు రాలేదు. పిల్లవాడు బడి మాని గోదాములో చేరాడు. ఆ దుకాణంలో 10 మంది కంటే ఎక్కువే పనిచేస్తారు. అంటే చట్టం ప్రకారం ఈఎస్‌ఐ ఉండాలి. లేదు.

ఈఎస్‌ఐ లెక్క బోర్డు మీద రాసి చెప్పినట్టు చెప్తాము. నెలకు 21 వేల లోపు జీతగాడికి యజమాని కట్టవలసింది జీతంలో 3.25 శాతం, పనివాడి వంతు 0.75 శాతం. 15 వేల జీతానికి యజమాని మీద పడేది 488 రూపాయలు. క్యాన్సర్ వస్తే, రెండేళ్ళు బీమాలో ఉన్న మనిషికి పొడిగించిన అనారోగ్య భత్యం కింద జీతంలో 80 శాతం, అంటే నెలకు దాదాపు 12 వేలు, రెండేళ్ళ వరకు వస్తుంది. వైద్యం వేరే. ఈఎస్‌ఐ పెద్దాసుపత్రి మన అమీర్‌పేట పక్కనే, సనత్‌నగర్‌లో ఉంది. ఆ 488 రూపాయలు కట్టి ఉంటే ఆ పిల్లవాడు ఈపాటికి ఇంటర్ చదువుతూ ఉండేవాడు. ఖైరాతు గొప్పదే, కానీ పనివాడికి హక్కుగా రావలసింది ముందు ఇచ్చాక మిగతాది ఖైరాతు అవుతుందని మేము అనుకుంటాము. క్యాషు కౌంటరు పక్కన గుట్కా, ఖైనీ అమ్మిస్తూ క్యాన్సర్ నిధికి చందా రాయడం గురించి మేము వేరే చెప్పనక్కర లేదు.

కనుక మా మనవి రెండు ముక్కలు. మీ దగ్గర పనిచేసేవారిలో నెలకు ఒక్కరిని, ఒక్క పూట, జీతం కోయకుండా, ఇష్టం ఉన్నవారినే పంపండి. బలవంతంగా పంపినవాడు వార్డు బయట ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. మీరే రాగలిగితే మరీ మంచిది. సేఠ్‌గారు వీల్‌చైరు తోస్తే దుకాణంలో కుర్రాళ్ళకు ఎవరూ చెప్పనక్కర లేదు. రెండోది, రేపు దుకాణం తెరవగానే మీ మనుషుల ఈఎస్‌ఐ పేర్ల జాబితా ఒకసారి తెప్పించి చూడండి. ఎలా చేర్పించాలో తెలియకపోతే మా బడి గుమాస్తా వచ్చి ఫారాలు నింపిపెడతాడు, టీ తప్ప ఏమీ తీసుకోడు.

తలుపు దగ్గర బల్ల మీద రెండు రిజిస్టర్లు పెట్టాము. నీలం అట్టది పూటలకు, ఎర్ర అట్టది ప్లేట్‌లెట్లకు. ఎర్రదాంట్లో పేరు, ఫోను, బ్లడ్ గ్రూపు, ఏ వేళ పిలిస్తే రాగలరో రాయండి. నీలందాంట్లో సోమవారాలు నిండాయి. బుధవారం పొద్దుటి పూటలు, రమజాన్ నెల పేజీ మొత్తం ఇంకా ఖాళీగా ఉన్నాయి. పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి జేబులో పెట్టుకోకండి.