తొలకరి వాసన, ఆరు చుక్కలు

మన కోస్గి ఊళ్లో ఎండాకాలం చివర తొలివాన పడితే, చూపు లేని మనిషికి ఆ కబురు ముక్కే ముందుగా చెబుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ అనే పదార్థానిది ఆ వాసన. గాలిలో అది అతి కొద్దిగా ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. ఈ శక్తి అందరికీ ఉంది. కళ్లున్నవాళ్లం మబ్బును చూసి ఊరుకుంటాం.

చెవి సంగతీ ఇలాంటిదే. చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. దాన్ని విని, గోడ ఎక్కడుందో, సందు ఎక్కడ మొదలైందో పోల్చుకునేవాళ్లున్నారు. సాధనతో వచ్చే విద్య అది.

నాకు అన్నిటికన్నా అబ్బురం వేలికొస. 1809లో ఫ్రాన్స్‌లో పుట్టిన లూయీ బ్రెయిలీకి మూడేళ్లప్పుడు తండ్రి జీనుల కొట్లో కంట్లో ఆరె గుచ్చుకుంది. క్రమంగా రెండు కళ్లూ పోయాయి. పదిహేనేళ్లకే, వేలికొసతో తడిమి చదివే ఆరు చుక్కల లిపి కట్టాడు. ఆరు చుక్కలతో 63 గుర్తులు! మన తెలుగు అక్షరాలూ వాటిలోనే ఇమిడాయి. చిన్ననాటే చూపు పోయినవారు బ్రెయిలీ చదివేటప్పుడు, మెదడులో చూపుకోసం ఉన్న భాగమే పనిచేస్తుందని 1996లో పరిశోధకులు కనుగొన్నారు.

చూపు లేని బిడ్డలున్న తల్లిదండ్రులారా, పిల్లలకు బ్రెయిలీ నేర్పించండి. సంతకు వెంట తీసుకెళ్లండి. కందులు, జొన్నలు గుప్పిట పట్టి పోల్చుకోనివ్వండి.